పైవరుసలో ఓబులేష్

సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి ఓబులేష్ అన్న టికెట్ పక్కన పచ్చటి టిక్కు పడి ఉంది. పని పూర్తయిందని దానర్థం. పూర్తి కాలేదని నాకు తెలుసు. ముందురోజే మా ఊళ్ళో ఆయన చేతి కట్టు చూసి వచ్చాను.

మా ఆఫీసు కడపలో, ఏడురోడ్ల కూడలి నుంచి కాస్త లోపలికి, ఒక మోటార్ల దుకాణం మిద్దె మీద ఉంటుంది. కింద దుకాణంలో పెద్దసుబ్బయ్య గారు పంపుసెట్లు, పైపులు, కేబుళ్ళు అమ్ముతారు. మిద్దె మీద ఆయన కొడుకు తేజేశ్వర్ సార్ మా ఆఫీసు నడుపుతారు. బోరు మోటారును ఫోన్‌తో నడిపించే డబ్బా ఒకటుంది. దాని యాప్ తయారు చేసేది మేము. రైతు ఇంట్లో కూర్చుని 'నడుపు' అని నొక్కితే చేనులో మోటారు తిరగాలి. 'ఆపు' అని నొక్కితే ఆగాలి. దుకాణం షట్టరు పైన పెద్ద బోర్డు కూడా పెట్టారు: "ఇక షెడ్డు దాకా నడవక్కర్లేదు".

నేను టెస్టర్‌ని. బాగుందని మావాళ్ళు ఇచ్చినదాన్ని నిజంగా బాగుందా అని పదే పదే నొక్కి చూడటం నా ఉద్యోగం. తేడా కనిపిస్తే ట్రాకర్‌లో రాస్తాను. పనుల లెక్కంతా ఆ ట్రాకర్‌లోనే ఉంటుంది. అందులో రాసిన ఒక్కొక్క పనినీ టికెట్ అంటాం.

ఓబులేష్ అన్నది బద్వేలు అవతల మా ఊరే. చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఒక బోరు. ఆ ఇంట్లో పెద్ద ఫోన్ ఆయన భార్య స్వర్ణలతక్కదే కాబట్టి యాప్ ఆమె దగ్గరే ఉంటుంది. ఒకనాడు బోరు దగ్గర కేబుల్ అతుకు వేడెక్కి పొగ వస్తుంటే, ఆయన ఫోన్ చేసి మోటారు ఆపమన్నాడు. ఆమె 'ఆపు' నొక్కింది. 'మోటారు ఆగింది' అని మెసేజి వచ్చింది. ఆయన అతుకు విప్పి వైర్లు మళ్ళీ కలిపి చుడుతుండగా కరెంటు పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఆ మధ్యలో మా డబ్బా 'ఆపు' అన్న మాట మరిచిపోయింది. వైర్లలోకి కరెంటు వదిలింది. ఆయన ఎగిరి చీనీ పాదులో పడ్డాడు కాబట్టి బతికాడు. కుడి అరచెయ్యి కాలిపోయింది.

నేను ఆఫీసుకు వచ్చి పరీక్ష చేశాను. నా బల్ల మీద మోటారుకు బదులు బల్బు తగిలించిన డబ్బా ఉంటుంది. 'ఆపు' నొక్కాను, బల్బు ఆరింది. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాను. బల్బు వెలిగింది. టికెట్ రాశాను: "ఆపు నొక్కినా, కరెంటు పోయి వస్తే మోటారు తిరుగుతోంది." కింద ఓబులేష్ అన్న పేరు రాశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే తేజేశ్వర్ సార్ బెంగళూరులో ఏదో శిక్షణకు పోయి వచ్చారు. అప్పటిదాకా మా ట్రాకర్ ఒక కుప్ప. ఏ టికెట్ ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. "దీన్ని చెట్టు మాదిరి కట్టల్ల. పైన ప్రాజెక్టు, దాని కింద భాగాలు, వాటి కింద పనులు. ప్రతి టికెట్‌కూ పైన ఒకటే పేరెంట్. నీకు ఓపిక ఎక్కువ కదా పాపా, నువ్వే సర్దు" అన్నారు. టికెట్లను ఒకచోటి నుంచి ఇంకొకచోటికి జరిపే హక్కు నా పేరు మీద ఇచ్చారు.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. శెనక్కాయలు ఒలిచి తాలువి ఒకపక్క, గట్టివి ఒకపక్క పోసినట్టుగా ఉండేది. కాని పైవరుసలో ఏమేం ఉండాలో మాత్రం సారే చెప్పారు. లాగిన్, మెసేజీలు, బిల్లులు, భాషలు, రంగులు. అన్నీ ఫోన్‌లో కనిపించేవే. చేనులో ఉండేది ఒక్కటీ లేదు.

"సార్, పైవరుసలో మోటారు అని ఒకటి పెడదామా?" అని అడిగాను.

"మోటారు మనది కాదు పాపా. కింద నాయన అమ్మేది. మనది యాప్."

"మరి డబ్బా సార్?"

"డబ్బాలో ప్రోగ్రామ్ రాసిన పిల్లోడు బెంగళూరులో ఉండాడు. ఆయప్పకు గంటల లెక్కన ఇయ్యల్ల. దాని జోలికి ఇప్పుడు పోవద్దు."

మోటారు దుకాణానిది. యాప్ మాది. ఆ రెంటికీ నడుమ ఉన్న డబ్బా ఎవరిదీ కాదు. ఓబులేష్ అన్న టికెట్ పెట్టడానికి చెట్టులో చోటే లేదు. నేను దాన్ని విడిగా పైనే ఉంచాను. మర్నాడు చూస్తే సార్ దాన్ని 'మెసేజీలు' కిందికి జరిపారు. మోటారు తిరుగుతుంటే ఆగిందని మెసేజి వచ్చింది కాబట్టి అది మెసేజీ తప్పట.

ఇదీ ఆ సోమవారం నాటి పచ్చ టిక్కు వెనక సంగతి. ఎవరు మూశారో అని వివరాలు తెరిచాను. మూసినవారి పేరు ఉండాల్సిన చోట మనిషి పేరు లేదు. 'సిస్టమ్' అని ఉంది.

నాకు కోపం వస్తే గొంతు పెరగదు. మెడ వెనక వేడెక్కుతుంది, మాటలు తగ్గుతాయి. లేచి తేజేశ్వర్ సార్ బల్ల దగ్గరికి పోయాను.

"ఓబులేష్ అన్న టికెట్ ఎవరు మూసినారు సార్?"

"ఎవరూ మూయలేదు పాపా." ఆయన కారం దోసె పొట్లం విప్పుతూ నవ్వారు. "వాసవి మెసేజీల పని ముగించింది. పేరెంట్ క్లోజ్ అయితే కింద ఉండేవన్నీ వాటంతట అవే క్లోజ్ అయ్యేటట్టు రూలు పెట్టినా. లేకుంటే ఒక్కొక్కటీ మూసుకుంటా కూర్చుంటే ఎప్పటికయ్యేను?"

శ్రీవాసవి నా పక్క బల్లే. సార్‌కు చిన్నాన్న కూతురు, యాప్ కోడు రాసేది ఆమె. "ఏం మార్చినావు వాసవీ?" అని అడిగితే తల దించుకునే చెప్పింది. 'మోటారు ఆగింది' అన్న మెసేజిని తీసేసి, 'మోటారు ఆపమని ఆదేశం పంపబడింది' అని మార్చిందట. అలా మార్చమని వాళ్ళ అన్న, అంటే సారే, చెప్పారట.

"ఇప్పుడు మెసేజి తప్పు చెప్తాందా?" అన్నారు సార్.

"లేదు సార్. కానీ మోటారు..."

"అది మెసేజీల కింద ఉండే టికెట్. మెసేజి సరిపోయింది. ఇంకేం కావల్ల?"

నేను నా బల్ల మీది డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. 'ఆపు' నొక్కాను. ప్లగ్గు పీకి పెట్టాను. ఆయన దోసె మీద బల్బు వెలుగు పడింది.

"బుధవారం కర్నూలు కంపెనీవాళ్ళు వస్తాండారు" అన్నారాయన, ఈసారి నవ్వకుండా. "బనగానపల్లె మామిడి తోటలకు డబ్బాలన్నీ మన దగ్గరే తీసుకుంటామంటాండారు. చెట్టంతా పచ్చగా చూపియ్యల్ల. ఇట్లాంటివి రిలీజ్ అయినాక చూద్దాం. అయినా ఫ్యూజు తీయకుండా వైరు పట్టుకునేది ఎవరి తప్పు?"

"షెడ్డు దాకా నడవక్కర్లేదని మనమే కదా సార్ బోర్డు పెట్టింది?"

ఆయన దోసె వైపు తిరిగారు. నేను నా సీట్లోకి పోయి టికెట్‌ను మళ్ళీ తెరిచాను. మధ్యాహ్నానికి అది మళ్ళీ 'సిస్టమ్' పేరుతోనే మూసి ఉంది. మళ్ళీ తెరిచాను. సాయంత్రం సార్ తన బల్ల దగ్గర నుంచే అందరికీ వినపడేలా అన్నారు, "ఏమ్మే దీవెనా, ఎన్నిసార్లు పూడ్చిపెట్టినా మూడో దినాన లేచొస్తాందే నీ టికెట్టు! ఏం ప్రార్థన చేస్తాండావు దానికి?"

అందరూ నవ్వారు. వాసవి కూడా. నేను నవ్వలేదు. ప్రార్థన అన్న మాట దగ్గర నా చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

ఎందుకంటే ముందురోజు ఆదివారం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరిగింది. గుడి, అంటే మా చర్చిలో ఆరాధన, అయిపోయాక ఆడవాళ్ళంతా మా వసారాలో కూర్చుంటారు. ఎవరికి ఏం కావాలో లేచి చెప్పుకుంటారు. మా అమ్మ కృపమణి వాటిని ఒకటొకటిగా, మనిషి పేరుతో సహా, దేవుని ముందు పెడుతుంది. గుడికి రానివాళ్ళు కూడా కూడికకు వస్తారు. స్వర్ణలతక్క అలాగే వచ్చింది. "మా ఆయన చెయ్యి గుప్పిట ముడుచుకుంటే చాలు. కత్తెర పట్టుకోలేకుండా ఉండాడు, తోట ఎండిపోతాండాది" అని చెప్పి కూర్చుంది.

మా కూడికలో ఒక పద్ధతి ఉంది. అడిగిన మనవి తీరిందని అడిగిన మనిషే లేచి సాక్ష్యం చెప్పాలి. అప్పటిదాకా ఏ వారమూ దాన్ని వదిలిపెట్టరు. ఒకసారి సంఘ పెద్ద లాజరు తాత వచ్చి, ఇన్ని పేర్లు చదివితే పొద్దుపోతుంది, రోగులందరి కోసం అని ఒక్కమాటతో ముగించమన్నాడు. ఎన్నడూ పెద్దలకు ఎదురు చెప్పని మా అమ్మ అప్పుడు చెప్పింది. "అందరూ అంటే ఎవురు తాతా? గంగక్కకు కాళ్ళు, స్వర్ణకు మొగుని చెయ్యి. అడిగినోళ్ళు వచ్చి బాగైందని చెప్పల్ల. నువ్వూ నేనూ అయిపోయిందనుకుంటే అయిపోతాదా?"

లాజరు తాత లేచిపోయాడు.

మంగళవారమంతా నేను ఆ చెట్టునే చూస్తూ కూర్చున్నాను. టికెట్‌ను మాత్రం మళ్ళీ తెరవలేదు. తెరిస్తే సార్ పెట్టిన రూలు మూస్తుంది. మెసేజీల కింద ఉన్నంతకాలం అది మూస్తూనే ఉంటుంది. తప్పు టికెట్‌లో లేదు, అది ఉన్న చోటులో ఉంది. బుధవారం వాళ్ళు ఒప్పుకుంటే ఆ డబ్బాలు బనగానపల్లె పోతాయి. అక్కడ ఎవరి భార్యో ఇంట్లో 'ఆపు' నొక్కుతుంది. ఎవరో వైరు పట్టుకుంటాడు. చీనీ పాదులో తడిమట్టి మెత్తగా ఉంటుంది. ప్రతివాడూ మెత్తటిచోటే పడతాడా?

సాయంత్రం అందరూ టీకి కిందికి దిగినప్పుడు చెట్టు తెరిచాను. ఓబులేష్ అన్న టికెట్‌ను మెసేజీల కింద నుంచి లాగి అన్నింటికన్నా పైకి తెచ్చాను. తర్వాత లాగిన్‌ను పట్టుకుని దాని కిందికి జరిపాను. మెసేజీలను జరిపాను. బిల్లులు, భాషలు, రంగులు, మొత్తం ప్రాజెక్టును తెచ్చి ఆ ఒక్క టికెట్ కింద వేలాడదీశాను. హక్కు నాదే. సర్దమని ఇచ్చిన హక్కే.

చివరికి టికెట్ పేరు మార్చాను: "ఆపు నొక్కినా మోటారు తిరుగుతోంది. ఓబులేష్, చీనీ తోట. కుడి చెయ్యి కాలింది." తెరిచాను. ఎర్రగా మారింది. చెట్టును మడిచేస్తే తెర మీద ఆ ఒక్క వరుసే మిగిలింది.

బ్యాగు తీసుకుని హాస్టల్‌కు పోయాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆ రాత్రి నాకు బాగానే నిద్ర పట్టింది.

బుధవారం కర్నూలు నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళ ముందు కుర్చీలో పెద్దసుబ్బయ్య గారిని కూర్చోబెట్టారు. ఆయన మిద్దె ఎక్కేదే తక్కువ. కొడుకు పని చూడాలని తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. తేజేశ్వర్ సార్ గోడ తెర మీద అన్నీ చూపించి, చివరికి, "మా పని ఎంత క్రమంగా ఉంటాదో చూడండి" అని ట్రాకర్ తెరిచారు.

గోడ నిండా ఒకటే ఎర్ర వరుస.

సార్ దాన్ని నొక్కారు. అది విప్పుకుంది. కింద ప్రాజెక్టంతా వేలాడుతూ కనిపించింది, పైన మాత్రం అదే వరుస. మూసి మళ్ళీ తెరిచారు. అదే. ఆయన మెడ మీద చెమట పట్టడం వెనక నిలబడిన నాకు కనిపించింది.

కర్నూలాయన కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. "ఆపు నొక్కినా... ఏందప్పా ఇది? చెయ్యి కాలింది అంటాండాది?"

"అది పాతది సార్. టెస్టింగ్ కోసం ఎవరో..."

"చీనీ తోట ఓబులేషా?" పెద్దసుబ్బయ్య గారు కుర్చీలో ముందుకు వంగారు. "బద్వేలు కాడ? ఆయప్పకు మోటారు నేనే ఇచ్చినా. డబ్బా కూడా నేనే పెట్టుకోమన్యా. చెయ్యి ఎప్పుడు కాలింది?"

సార్ మౌసు పట్టుకుని తెర మార్చబోయారు.

"తేజా, నిన్నే. ఎప్పుడు కాలింది?"

"నాయనా, అది మోటారు విషయం. తర్వాత చెప్తా..."

"మోటారు విషయమైతే నాకు కదరా ముందు చెప్పల్ల? కింద కూర్చుని దినామూ ఆ డబ్బాలు అమ్ముతాండేది ఎవురు? పొద్దున కూడా ఒకటి అమ్మితి!"

నేను నా బల్ల మీది డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. 'ఆపు' నొక్కి ప్లగ్గు పీకి పెట్టాను. బల్బు వెలిగింది. పెద్దసుబ్బయ్య గారు దాన్ని చాలాసేపు చూశారు. కర్నూలాయన లేచి, "ఇది సరిచేసినాక ఒక ఫోన్ కొట్టండి" అన్నాడు. రెండో ఆయన తన ముందు పెట్టిన కాఫీ తాగకుండానే లేచాడు.

వాళ్ళు పోయాక తేజేశ్వర్ సార్ నా దగ్గరికి వచ్చారు. "నలుగుర్లో నా మర్యాద తీసినావు. నీకు హక్కు ఇచ్చింది దీనికా?"

"ఓబులేష్ అన్న పడిన దినం అక్కడ నలుగురు లేరు సార్" అన్నాను. "అందుకే పైన పెట్టినా. నలుగురూ చూడల్లని."

ఇంకా ఏమైనా అనేవారేమో. కింద నుంచి షట్టరు దగ్గర నిచ్చెన వేస్తున్న చప్పుడు వచ్చింది. పెద్దసుబ్బయ్య గారు మనిషిని పెట్టి బోర్డు దింపిస్తున్నారు.

బెంగళూరు పిల్లవాడికి వాసవి ఫోన్ చేసింది. అతను డబ్బా ప్రోగ్రామ్‌లో చేసిన మార్పు పెద్దదేమీ కాదు. కరెంటు పోయినా చివరి ఆజ్ఞ గుర్తుంచుకోవాలి, అంతే. ఒక పూట పని. ఒక పూట పని కోసం మెసేజిలో మాటలు మార్చారని తలుచుకుంటే నాకు వాళ్ళందరి మీదా మళ్ళీ మండింది. అమ్మిన డబ్బాలన్నింటికీ అప్‌డేట్ పోయింది. నా బల్ల మీది బల్బు, ఎన్నిసార్లు ప్లగ్గు పీకి పెట్టినా, ఆరిపోయే ఉంది.

ఆ ఆదివారం ఊరికి పోయి ఓబులేష్ అన్న తోటలో నిలబడ్డాను. స్వర్ణలతక్క ఫోన్‌లో 'ఆపు' నొక్కింది. పైపులో నీళ్ళు సన్నగిల్లి ఆగాయి. ఓబులేష్ అన్న ఎడమ చేత్తో మెయిన్ స్విచ్ దించి, కాసేపు ఉండి మళ్ళీ ఎత్తాడు. పైపు ఎండిపోయే ఉంది. ఫోన్‌లో 'మోటారు ఆగింది' అన్న మెసేజి ఉంది. వాసవి పాత మాటనే మళ్ళీ పెట్టింది.

"అన్నా, బాగైందని నువ్వు ఒకమాట చెప్తే ఆఫీసులో మూసేస్తా" అన్నాను.

"ఏది మూసేది?"

"నీ పేరు మీద ఉండే టికెట్."

ఆయన కుడిచెయ్యి చాపాడు. కట్టు విప్పేశారు. అరచెయ్యి చర్మం ఎర్రగా, బిగుసుకుపోయి ఉంది. గుప్పిట ముడవబోయాడు. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగాయి.

"మీ డబ్బా బాగైండాది. దానికి నేనెందుకు చెప్పల్ల? నా పేరు మీద ఉండాదంటివి కదా. నేను బాగు కాలేదు."

"గమ్మునుండయ్యా" అంది స్వర్ణలతక్క. "ఆ పాప ఏం చేసింది నిన్ను?"

"ఎవురూ ఏమీ చేయలేదు, నాకు తెలుసులే! డబ్బా అమ్మినోడు చేయలేదు, రాసినోడు చేయలేదు, నొక్కిన నువ్వూ చేయలేదు. చెయ్యి దానంతట అదే కాలింది." ఆయన కత్తెరను ఎడమ చేత్తో తీసుకుని చెట్ల మధ్యకు పోయాడు. ఆ చేత్తో కొమ్మ సరిగా తెగడం లేదు. రెండుసార్లు, మూడుసార్లు నొక్కుతున్నాడు. నేను అక్కడే నిలబడి ఆ చప్పుడు విన్నాను. ఆయన కోపం నా మీద కూడా అని తెలిసింది.

సోమవారం తేజేశ్వర్ సార్ నా బల్ల దగ్గర ఆగారు. టికెట్లు జరిపే హక్కు నా పేరు మీద నుంచి అప్పటికే తీసేశారు. తెరిచే హక్కు, మూసే హక్కు అందరికీ ఉన్నట్టే నాకూ ఉన్నాయి.

"టెస్ట్ పాసైంది కదా?"

"అయింది సార్."

"మరి ఎర్రగా ఏంటికి పెట్టినావు? క్లోజ్ చెయ్యి."

"బాగైందని ఆయన చెప్పలేదు సార్."

"ఆయనెవరు చెప్పేదానికి? నువ్వు టెస్టర్‌వి."

"మోటారు ఆపమని అడిగింది ఆయన సార్. ఆయనే చెప్పల్ల." నేను కుర్చీ వెనక్కి జరిపి మౌసు ఆయన వైపు తోశాను. "ఇది ఇప్పుడు దేని కిందా లేదు. వాటంతట అవి మూసుకునేదాంట్లో పడదు. మీరు మూస్తే మీ పేరు పడతాది. మూయండి సార్."

ఆయన వంగి మౌసు మీద చెయ్యి పెట్టారు. బాణం గుర్తు ఆ ఎర్ర వరుస మీదికి పోయింది. టికెట్ పక్కన చిన్న పెట్టె తెరుచుకుంది. 'మూసినవారు' అన్న మాట ఎదురుగా ఆయన పేరు దానంతట అదే వచ్చి నిలిచింది.

ఆయన దాన్ని చదివారు. తర్వాత చెయ్యి తీసి, కింద నాయన పిలుస్తున్నాడని చెప్పి మెట్లు దిగిపోయారు. కింద నుంచి ఎవరూ పిలవలేదు.

నేను ఆ పెట్టెను మూసేశాను. టికెట్‌ను కాదు.